కాటుక రేకుల పొడ

మా మామూని రక్తపింజరి కరిచినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. కర్నూలు జిల్లాలో మా నానీ వాళ్ల ఊరు. శనక్కాయ చేలో చెట్లు పీకుతుంటే మడమ పైన పడింది కాటు. తాడు కట్టారు, బ్లేడుతో గాటు పెట్టారు, పక్కూరి మంత్రగాడి దగ్గరికి తీసుకుపోయారు. నానీ తావీజ్ కట్టించింది. రాత్రంతా అట్లానే గడిచింది. తెల్లారి పంటి చిగుళ్ల నుంచి ఖూన్. మరునాడు పేషాబ్ బంద్.

దవాఖానాలో డాక్టర్ సాబ్ అన్న మాట ఇప్పటికీ యాదుంది. "జహర్ గుర్దాలకు ఎక్కింది. హైదరాబాద్ తీసుకుపోండి."

పెద్దయ్యి జర్నలిస్టునయ్యాక ఆ పాము తారీఖ్ వెతికాను. ఇంగ్లీషులో దాన్ని రసెల్స్ వైపర్ అంటారు. ఎవరీ రసెల్? ప్యాట్రిక్ రసెల్ అనే స్కాట్లాండ్ డాక్టర్. మన దేశానికి రాకముందు షామ్ ముల్క్‌లోని హలబ్ షహర్‌లో, అంటే అలెప్పోలో, ఏళ్ల తరబడి తబీబ్‌గా పనిచేశాడు. 1760 తర్వాత అక్కడ ప్లేగు వచ్చినప్పుడు రోగుల మధ్యే ఉన్నాడు. 1780లలో తమ్ముడితో కలిసి విశాఖపట్నం వచ్చాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ అతన్ని ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది.

ఏ పాము విషపుది, ఏది కాదు అన్నది అతని సవాల్. కోరమాండల్ తీరంలో పాములు పట్టించి, బొమ్మలు గీయించి, 1796లో పుస్తకం అచ్చువేయించాడు. అందులో ఈ పాము పేరు మన తెలుగులోనే ఉంది: కాటుక రేకుల పొడ. ఒంటిమీద నల్లంచు మచ్చలు వరసగా ఉంటాయి కదా, ఆ పేరు ఎంత సరిపోయిందో చూడండి. తర్వాత శాస్త్రవేత్తలు దానికి రసెల్ పేరు కలిపారు. ఆ శాస్త్రీయ నామంలో మొదటి ముక్క 'దబోయా'. అది మన హిందుస్తానీ మాటే, నక్కి ఉండేది అని అర్థం. ఒక్క పాము మీద తెలుగు, హిందుస్తానీ, ఒక ఫిరంగీ పేరు, మూడూ ఉన్నాయి.

ఇక గుర్దాల సంగతి. ఈ జహర్ ఖూన్‌ను గడ్డకట్టించే పదార్థాలన్నిటినీ ఖర్చు చేసేస్తుంది. సన్నని నాళాల్లో చిన్న చిన్న గడ్డలు పడతాయి, మిగతా ఒంట్లో నెత్తురు ఆగదు. బీపీ పడిపోతుంది. గుర్దాలకు నెత్తురు అందక, విషం దెబ్బ కూడా తగిలి, వడపోత ఆగిపోతుంది. దీన్నే అక్యూట్ కిడ్నీ ఫెయిల్యూర్ అంటారు. షుగర్, బీపీ వల్ల ఏళ్ల తరబడి గుర్దా ఎండిపోవడం వేరు, ఇది వేరు. ఇక్కడ గుర్దా మరణించలేదు, బేహోష్ అయింది. తేరుకునే దాకా మనిషిని బతికించుకోవాలి.

విరుగుడు సీరంను ఫ్రాన్సులో కాల్మెట్ 1890లలో తయారుచేశాడు. అది నెత్తుటిలో తిరిగే జహర్‌ను అడ్డుకుంటుంది. కానీ అప్పటికే దెబ్బతిన్న గుర్దాను వెనక్కి తేలేదు. అందుకే ప్రతి ఘడియా విలువైనదే. ఆ పైన కావలసింది డయాలసిస్. దాన్ని నాజీల కబ్జాలో ఉన్న హాలెండ్‌లో 1943లో విలియం కోల్ఫ్ సాధించాడు. సాసేజ్‌లకు వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని డ్రమ్ముకు చుట్టి, నెత్తురును అందులో నడిపి మలినాలు తీశాడు. మొదట్లో రోగులు వరసగా చనిపోయారు. 1945లో 67 ఏళ్ల ఒక ఔరత్ బతికి బయటపడింది. ఆమె నాజీల పక్షాన ఉందని జైలుపాలైన మనిషి. కోల్ఫ్ అది చూడలేదు, మరీజ్‌ను చూశాడు. ఇన్సానియత్ అంటే అదే.

మా మామూ కూడా అట్లాంటి మిషన్ మీదే బతికాడు. మూడు వారాలకు పేషాబ్ మొదలైంది. ఆ రోజు నానీ షుక్రానా నమాజ్ చదివింది. ఆయన తర్వాత ఇరవై ఏళ్లు సేద్యం చేశాడు. అయితే ఆ ఇలాజ్‌కు రెండెకరాలు అమ్మాల్సి వచ్చింది.

2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుకు 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో మనదీ ఉంది. చచ్చేది చేలో పనిచేసే గరీబులే. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. అంతకుముందే 2006లో కడపలో రిమ్స్ వచ్చింది. దవాఖానా దగ్గరైంది గానీ, తాడు, బ్లేడు, మంత్రగాడు మన ఊళ్లు వదలలేదు.

దువా చేయండి, ఎవరూ వద్దనరు. కానీ దారిలో చేయండి. కాటు పడిన కాలు కదపకుండా, కోయకుండా, బిగించి కట్టకుండా సీరం ఉన్న దవాఖానాకు పోండి. నొప్పి మాత్రలు, నాటు మందులు మింగించకండి, అవి గుర్దాకు ఇంకో దెబ్బ. డాక్టర్లు గాజు గొట్టంలో నెత్తురు పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే సీరం వెంటనే పడాలి. తర్వాత పేషాబ్ ఎంత వస్తోందో లెక్క రాసుకోండి, తగ్గితే అప్పుడే డాక్టర్‌కు చెప్పండి.

మా మామూ ఆ రాత్రే బండెక్కి ఉంటే ఆ రెండెకరాలు మా నానీకి మిగిలేవేమో.