క్యూ-ప్లేట్

క్యూ-ప్లేట్‌లోని ‘క్యూ’కు, జనం నిలబడే వరుసకు సంబంధం లేదు; అదొక సంఖ్యకు గుర్తు. క్యూ-ప్లేట్ అంటే రెండు గాజు పలకల నడుమ పలుచగా పరిచిన ద్రవస్ఫటికం; అందులో కేంద్రం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేసరికి అణువుల దిశ ఎన్ని చుట్లు తిరుగుతుందో క్యూ చెబుతుంది. అర చుట్టు కూడా చెల్లుతుంది, ఎందుకంటే ఈ అమరికలో తల, తోక తేడా లెక్కకు రాదు. 2006లో ఇటలీలోని నేపుల్స్‌లో లొరెంజో మర్రూచి బృందం క్యూ-ప్లేట్‌ను ప్రయోగంలో చూపింది. వృత్తాకార ధ్రువణం గల లేజర్ కిరణం ఈ పలకను దాటితే ధ్రువణం తిరగబడుతుంది, తరంగం మరమెట్లలా మెలితిరుగుతుంది, కిరణం నడుమ చీకటి మిగులుతుంది. మెలికల సంఖ్య క్యూకు రెట్టింపు. పలకకు ఇచ్చే వోల్టేజీ మార్చి వేర్వేరు రంగుల కాంతికి దాన్ని సరిచేయవచ్చు.