అంచులు మింగిన టీవీ

పిక్చర్ ట్యూబుల కాలంలో మామూలుగా ఏ ఇంట్లోనూ టీవీ బొమ్మ పూర్తిగా కనిపించేది కాదు. స్టూడియో నుంచి బయల్దేరిన బొమ్మలో నాలుగు పక్కలా కొంత భాగం తెర చుట్టూ ఉన్న చట్రం వెనక్కి పోయేది. టీవీ తయారుచేసేవాళ్లు కావాలనే అలా చేసేవారు. దర్జీ కుట్టులోకి కాస్త బట్ట వదిలినట్టు, బొమ్మను తెర కన్నా కొంచెం పెద్దగా పడేలా సర్ది పెట్టేవారు. దీని పేరు ఓవర్‌స్కాన్. ఈ రోజున కొత్త టీవీకి మీడియా బాక్సు తగిలించగానే మెనూ పక్కన గడియారం సగం తెగిపోయినా, సబ్‌టైటిల్స్‌లో రెండో లైను కనబడకపోయినా, దాని మూలం అక్కడే ఉంది.

ట్యూబు వెనక నుంచి దూసుకొచ్చే ఎలక్ట్రాన్ల ధార తెరను ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి గీతలు గీతలుగా ఊడ్చుకుంటూ పోతుంది. మన దేశం అనుసరించిన పద్ధతిలో ఒక్కో బొమ్మకు 625 గీతలు. వాటిలో బొమ్మను మోసేవి 575 మాత్రమే. మిగిలిన సమయం ధార కింద నుంచి మళ్లీ పైకి చేరుకోవడానికి సరిపోయేది. ఒక్కో గీతకు పట్టే కాలం 64 మైక్రోసెకండ్లు, అందులో బొమ్మ కనిపించేది 52. ఈ ధారను అటూ ఇటూ తిప్పే సర్క్యూట్లు ఎప్పుడూ ఒకే తీరున పనిచేసేవి కావు. సీను బాగా వెలుతురుగా ఉంటే ట్యూబుకు అందే హై వోల్టేజీ కాస్త పడిపోయి బొమ్మ ఉబ్బేది. కెపాసిటర్లు పాతబడితే బొమ్మ కుంచించుకుపోయేది. ఇంటికి వచ్చే కరెంటు తగ్గినా అంతే.

తెలుగు ఇళ్లకు ఈ చివరి సంగతి బాగా తెలుసు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలైంది. అదే ఊళ్లోని ఈసీఐఎల్ తయారుచేసిన ఈసీ టీవీలు ముందుగదుల్లోకి వచ్చాయి. టీవీతో పాటు స్టెబిలైజరు కొనడం కూడా మామూలైపోయింది. సాయంత్రం ఊరంతా లైట్లు వేసుకునే వేళ వోల్టేజీ పడిపోతే బొమ్మ నాలుగు వైపులా లోపలికి జరిగి, చుట్టూ నల్లటి పట్టీ తేలేది. మెకానిక్ వచ్చి సెట్టు వెనక ఉన్న చిన్న రంధ్రాల్లో స్క్రూడ్రైవరు పెట్టి ‘హైటు’ లాంటివి తిప్పి సరిచేసేవాడు. బొమ్మను ముందే కాస్త పెద్దగా పెట్టి ఉంచితే, కొంచెం కుంచించుకున్నా నల్ల పట్టీ బయటపడదు. ఓవర్‌స్కాన్ ప్రయోజనం అదే.

ప్రసారం చేసేవాళ్లు కూడా ఈ కోతను లెక్కలోకి తీసుకున్నారు. కెమెరా వ్యూఫైండరులో రెండు దీర్ఘచతురస్రపు గీతలు ఉండేవి. బొమ్మ వెడల్పు ఎత్తుల్లో 90 శాతం లోపల ముఖ్యమైన కదలికలన్నీ ఉండాలి. 80 శాతం లోపల అక్షరాలన్నీ ఉండాలి. బయట ఉన్నదంతా ఇంట్లో కనిపించినా కనిపించకపోయినా ఒక్కటే. టైటిల్స్ తెర అంచుకు దూరంగా నడిమధ్యకు జరిగి ఉండటానికి కారణం ఇదే. ఎవరూ చూడరు కాబట్టి అంచుల్లో నానా చెత్తా చేరింది. వీడియో క్యాసెట్టు బొమ్మ అడుగున హెడ్డు మారే చోట గీతలు చిందరవందరగా ఊగుతుండేవి. బొమ్మ పైభాగంలో, అక్షరాల సమాచారం మోసే టెలిటెక్స్ట్ సంకేతాలు తెల్ల చుక్కల్లా దాగి ఉండేవి. తీసేవాడికి, చూపేవాడికి, పెట్టె తయారుచేసేవాడికి మధ్య రాతకోతలు లేని ఒప్పందం ఇది. చూసేవాడికి మాత్రం సంగతే తెలియదు.

అంచుల గొడవ ఇలా ఉండగా ఆకారం గొడవ మరొకటి. టీవీ తెర 4:3 కొలతను పాత సినిమా ఫిల్ము నుంచే తెచ్చుకుంది. టీవీ పోటీకి తట్టుకోవడానికి హాలీవుడ్ 1953లో ‘ది రోబ్’తో సినిమాస్కోప్ తెచ్చి తెరను వెడల్పు చేసింది. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన కృష్ణ ‘అల్లూరి సీతారామరాజు’. ఎత్తుకు రెండు రెట్లకు పైగా వెడల్పుండే అలాంటి బొమ్మను 4:3 తెరలో ఎలా ఇరికించాలి? తెర నిండేలా పెంచితే 2.35 వెడల్పులో 1.33 మాత్రమే మిగులుతుంది. అంటే బొమ్మలో నూటికి 43 వంతులు ఎగిరిపోతాయి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే సీనులో ఒక్కోసారి ఇద్దరి ముక్కులే మిగిలేవి. పోనీ బొమ్మను పూర్తిగా చూపిద్దామంటే పైనా కిందా నల్ల పట్టీలు వేసి, తెర ఎత్తులో 57 శాతంతో సరిపెట్టుకోవాలి. పద్నాలుగు అంగుళాల సెట్టులో అది బెత్తెడు బొమ్మ.

1980ల తొలి ఏళ్లలో హై డెఫినిషన్ టీవీకి ఏ ఆకారం బాగుంటుందని అమెరికాలో సినిమా, టీవీ ఇంజినీర్ల సంఘం చర్చిస్తున్నప్పుడు కెర్న్స్ పవర్స్ అనే ఇంజినీరు తేలికైన ఉపాయం పట్టాడు. అప్పటికి వాడుకలో ఉన్న ఆకారాలన్నిటినీ ఒకే విస్తీర్ణం ఉండే దీర్ఘచతురస్రాలుగా తీసుకుని, మధ్యబిందువు ఒక్కచోట కలిసేలా ఒకదాని మీద ఒకటి పేర్చాడు. అన్నిటినీ చుట్టి ఉన్న చట్రం ఆకారం 1.77. అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న లోపలి భాగం ఆకారమూ 1.77. అదే 16:9. ఏ సినిమాకూ అచ్చంగా సరిపోదు, ఏ సినిమాకూ మరీ అన్యాయం చేయదు.

ఆ ఆకారం ఇళ్లలోకి వచ్చేలోపు డీవీడీ వచ్చింది. అందులో బొమ్మ 4:3 అయినా 16:9 అయినా మన పద్ధతిలో నమోదయ్యేది 720 అడ్డం, 576 నిలువు చుక్కల్లోనే. తేడా అంతా డిస్కులో రాసి ఉన్న ఒక చిన్న సంకేతంలో ఉంది. దాన్ని చదివి ప్లేయరు బొమ్మను సాగదీయాలి లేదా నొక్కాలి. అందుకే ప్లేయరు సెటప్‌లో ‘4:3 లెటర్‌బాక్స్’ (పైనా కిందా నల్ల పట్టీలతో), ‘4:3 పాన్ స్కాన్’ (పక్కలు కోసి), ‘16:9’ అని మూడు ఉండేవి. కొన్న రోజున ఎవరూ ఆ మెనూ తెరవరు. దాంతో 4:3 టీవీలో హీరోలు పొడవుగా సన్నగా పీక్కుపోయి కనిపించారు. ఆ తర్వాత వెడల్పు టీవీల్లో పాత కార్యక్రమాలు చూస్తే అందరూ బొద్దుగా అయ్యారు. కేబుల్ డిజిటలైజేషన్ రెండో దశలో, 2013లో హైదరాబాద్, విశాఖపట్నం ఇళ్లలోకి సెట్‌టాప్ బాక్సులు చేరాయి. అప్పటికి చాలా ఛానెళ్ల బొమ్మ ఇంకా 4:3లోనే ఉండేది, గోడ మీద టీవీ మాత్రం 16:9. పక్కన నల్ల పట్టీలు ఉంటే డబ్బులు వృథా అనిపించి బొమ్మను సాగదీసుకుని చూసినవాళ్లే ఎక్కువ.

అంచులు ఎవరూ చూడరన్న పాత ఒప్పందాన్ని మొదట బద్దలుకొట్టింది కంప్యూటరు. కంప్యూటరు తెర మీద మూలల్లోనూ సమాచారం ఉంటుంది. అంచు తెగితే బటను తెగినట్టే. 2002లో కొందరు ప్రోగ్రామర్లు ఎక్స్‌బాక్స్ గేమ్ యంత్రంలో సినిమాలు ఆడించే సాఫ్ట్‌వేరు మొదలుపెట్టారు. 2004లో అది ఎక్స్‌బాక్స్ మీడియా సెంటర్‌గా స్థిరపడింది, 2014లో కోడి అనే పేరు పెట్టుకుంది. ఆ రోజుల్లో ఎక్స్‌బాక్స్ తగిలించేది ఎక్కువగా ట్యూబు టీవీలకే. ఒక్కో సెట్టు ఒక్కోలా కోస్తుంది కాబట్టి వాళ్లు అందులో ‘వీడియో కాలిబ్రేషన్’ అనే పేజీ పెట్టారు. అది ఇప్పటికీ ఉంది. తెర ఎడమ పైమూలలో ఒక బాణం గుర్తు, కుడి కింది మూలలో మరొకటి. రిమోటులో బాణం బటన్లతో ఆ గుర్తులు మూలకు సరిగ్గా ఆనేదాకా జరపాలి. తర్వాత సబ్‌టైటిల్స్ ఎంత ఎత్తులో పడాలో చూపే గీత. చివర మధ్యలో ఒక చతురస్రం. అది అచ్చంగా నలుచదరంగా కనిపించేదాకా సాగదీయాలి, నొక్కాలి. ఈ కొలతలు ఒక్కో రిజల్యూషన్‌కు విడివిడిగా గుర్తుంటాయి. పాత మెకానిక్ స్క్రూడ్రైవరు చేసిన పని ఇప్పుడు సోఫాలోంచే జరిగిపోతుంది.

ఎల్‌సీడీలు వచ్చాక ఓవర్‌స్కాన్ అవసరం పోయింది. ఇక్కడ ధార లేదు, ఉబ్బడం లేదు. ప్రతి చుక్కకూ దాని చోటు ఉంది. అయినా కంపెనీలు పాత అలవాటు మానలేదు. పాత క్యాసెట్ల చెత్త, ఛానెళ్ల అంచు సంకేతాలు కొత్త టీవీలో బయటపడితే కొన్నవాడు సెట్టునే తిడతాడు మరి. 1920 అడ్డం, 1080 నిలువు చుక్కల బొమ్మలో ఒక్కో పక్క 2.5 శాతం కోస్తే మిగిలేది 1824, 1026. దాన్ని మళ్లీ సాగదీసి పూర్తి తెర నింపుతారు. సినిమా చూస్తే తేడా తెలియదు గానీ అక్షరాల అంచులు మసకబారతాయి. 2002 చివర్లో వచ్చిన హెచ్‌డీఎంఐ తీగలో బొమ్మతో పాటు ‘అంచులు కోయాలా, వద్దా’ అని చెప్పే సంకేతానికీ చోటుంది. టీవీలు చాలావరకు దాన్ని వినిపించుకోలేదు.

ఈ కోతను ఆపే మీట చాలా టీవీల్లో ఉంటుంది, ఒక్కో కంపెనీ దానికో పేరు పెట్టింది. ఎల్‌జీలో ‘జస్ట్ స్కాన్’, శామ్‌సంగ్‌లో ‘స్క్రీన్ ఫిట్’, సోనీలో ‘ఫుల్ పిక్సెల్’, ఫిలిప్స్‌లో ‘అన్‌స్కేల్డ్’, షార్ప్‌లో ‘డాట్ బై డాట్’. కొన్ని సెట్లలో హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరును ‘పీసీ’ అని మారిస్తేనే కోత ఆగుతుంది. ఈ సంగతి తెలియక బాక్సులోనే బొమ్మను చిన్నది చేసుకునేవాళ్లు ఉంటారు. అప్పుడు బాక్సు ఒకసారి కుదిస్తుంది, టీవీ మళ్లీ పెంచుతుంది. బొమ్మ సరిగ్గా కూర్చున్నట్టే ఉంటుంది గానీ రెండుసార్లు నలిగి ఉంటుంది. ముందు టీవీలో కోత ఆపి, అది కుదరకపోతేనే ప్లేయరులో సర్దుకోవాలని వాడేవాళ్లు ఒకరికొకరు చెప్పుకోవడం అందుకే.

2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై అనే చవక కంప్యూటరు కథ దీనికి తిరగేసిన బొమ్మ. అందులో పాత టీవీలకు పనికొచ్చే పసుపు రంగు సాకెట్టూ ఉంది, హెచ్‌డీఎంఐ కూడా ఉంది. టీవీ ఎలాగూ కోస్తుందని అనుకుని అది బొమ్మను ముందే కుదించి పంపేది. కొయ్యని మానిటరుకు తగిలిస్తే చుట్టూ నల్ల పట్టీ మిగిలేది. దాన్ని తీసేయాలంటే సెటప్ ఫైలులో ‘డిజేబుల్ ఓవర్‌స్కాన్’ అనే లైనుకు 1 విలువ ఇవ్వాల్సి వచ్చేది. తర్వాత్తర్వాత ఆ సంస్థ ఆ లైనును తనే ముందుగా వేసి పంపసాగింది.

ప్రసార రంగంలోనూ గీతలు జరిగాయి. 2009లో అమెరికా ఇంజినీర్ల సంఘం కదలికల హద్దును 93 శాతానికి, అక్షరాల హద్దును 90 శాతానికి పెంచింది. అయినా అమెజాన్ ఫైర్ స్టిక్ డిస్‌ప్లే సెట్టింగుల్లో ఈ రోజుకీ ‘కాలిబ్రేట్ డిస్‌ప్లే’ ఉంది: నాలుగు మూలల్లో నాలుగు బాణాలు, వాటి మొనలు తెర అంచును తాకేదాకా జరుపుకోమంటుంది. ఆండ్రాయిడ్ బాక్సులు చాలా వాటిలో తెర సైజు సర్దుకునే పేజీ ఏదో ఒక పేరుతో కనిపిస్తూనే ఉంది.