మెరుపు ఆరేలోగా

షుగరు ఉన్నవాళ్లలో చాలామందికి ఈ పరీక్ష పరిచయమే. చేతి నరంలోకి పసుపురంగు మందు ఎక్కిస్తారు. అది రక్తంతోపాటు రెటీనాకు చేరగానే కంట్లోకి నీలి వెలుగు వేసి ఫొటోలు తీస్తారు. ఆ మందు ఫ్లోరసీన్. దాదాపు నూరేళ్ల కిందట, 1926లో, బెర్లిన్‌లో ఒక యువకుడు ఇదే రంగు మీద వెలుగు వేశాడు. దాని మెరుపు ఎంతసేపు నిలుస్తుందో కొలవాలని అతని పట్టుదల.

అంతకుముందు కథ పొట్టిదే. 1565లో స్పెయిన్ వైద్యుడు మొనార్డెస్, మెక్సికో నుంచి వచ్చిన ఓ చెక్కను నానబెట్టిన నీళ్లలో నీలిఛాయ చూశాడు. మూత్రపిండాల జబ్బుకు వాడే చెక్క అది. దాదాపు మూడు వందల ఏళ్లకు కేంబ్రిడ్జిలో స్టోక్స్ ఇలాంటి మెరుపుకు కారణం తేల్చి, 1852లో ఫ్లోరసెన్స్ అని పేరు పెట్టాడు.

బెర్లిన్ యువకుడి పేరు ఎన్రీకె గవియోలా. ఊరు అర్జెంటీనాలో ఆండిస్ కొండల దగ్గరి మెండోసా. ఐన్‌స్టీన్, ప్లాంక్ పాఠాలు చెబుతున్న నగరానికి చదువుకోవడానికి వచ్చి, ప్రింగ్‌షైమ్ ప్రయోగశాలలో చేరాడు. అతను కొలవబూనినది నానోసెకండ్లను, అంటే సెకనులో వంద కోట్లవ వంతులను. ఒక నానోసెకండులో వెలుగు కూడా మూరెడు దాటదు.

నైట్రోబెంజీన్ అనే ద్రవం నింపిన రెండు గాజు అరలకు విద్యుత్తు ఇచ్చి, సెకనుకు లక్షలాది సార్లు తెరుచుకుని మూసుకునే కిటికీల్లా వాడాడు. మొదటి కిటికీ దాటిన వెలుగు రంగునీళ్ల మీద పడుతుంది, వాటి మెరుపు రెండో కిటికీని చేరుతుంది. మెరుపు ఎంత ఆలస్యంగా వచ్చిందో పోల్చి చూడ్డానికి అతని దగ్గరున్న సాధనం కన్నే. ఆ కంటితోనే ఫ్లోరసీన్ మెరుపు సుమారు నాలుగున్నర నానోసెకండ్లని తేల్చాడు. నేటి లేజర్ యంత్రాలు చెప్పే లెక్కకు అది ఎంత దగ్గరో చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది! తర్వాత స్వదేశం వెళ్లి, బోస్కె అలెగ్రె కొండ మీద పెద్ద టెలిస్కోపు నిలబెట్టే పనిలో మునిగిపోయాడు.

ఆ కొలత వైద్యానికెందుకు? గుడిగంటను గట్టిగా కొట్టినా మెల్లగా కొట్టినా నాదం తగ్గే తీరు గంటదే. మీద చెయ్యి వేస్తేనే మారుతుంది. అణువూ అంతే. రంగు ఎక్కువున్నా తక్కువున్నా మెరుపు ఆయుష్షు దాదాపు మారదు, చుట్టూ ఉన్నదాన్ని బట్టి మారుతుంది. మన కణాల్లో తిండిని శక్తిగా మార్చే పనిలో పాల్గొనే ఎన్‌ఏడీహెచ్ అనే అణువు విడిగా ఉంటే దాని మెరుపు అర నానోసెకండు కూడా నిలవదు. ప్రోటీన్‌ను అంటుకుంటే అంతకు కొన్ని రెట్లు నిలుస్తుంది. ఈ తేడాను 1992లో బాల్టిమోర్‌లో లకోవిచ్ బృందం చిత్రం రూపంలో చూపింది. క్యాన్సర్ కణం తిండిని వాడుకునే తీరు మారితే, విడిగా ఉన్నదానికీ అంటుకున్నదానికీ మధ్య పాళ్లూ మారతాయి.

అక్కడి నుంచి దారులు చీలాయి. జర్మనీలోని యేనాలో ష్వైట్జర్ బృందం రంగుమందు లేకుండానే, రెటీనా సొంత మెరుపు ఆయుష్షును కొలిచే పద్ధతి తెచ్చింది. మాక్యులర్ టెలాంజియెక్టేసియా అనే అరుదైన జబ్బులో, రెటీనా నడిభాగమైన మాక్యులాలో ఆయుష్షు పెరిగిన చోటు ఆ చిత్రంలో వలయంలా కనిపిస్తుంది. కాలిఫోర్నియాలోని డేవిస్‌లో లారా మార్కు బృందం, గొంతు క్యాన్సర్‌కు రోబో సాయంతో చేసే శస్త్రచికిత్సలో సన్నని ఫైబర్‌తో కణజాలాన్ని తడుముతూ వెళ్తుంది. అక్కడి మెరుపు ఆయుష్షు కొలత రంగులుగా మారి సర్జన్ చూసే తెర మీద పడుతుంది. గడ్డ ఎక్కడ ఆగిందో, మంచి కణజాలం ఎక్కడ మొదలైందో సూచిస్తుంది. మధ్యలో నెత్తురు అడ్డొస్తే వెలుగు మసకబారుతుంది. కోసిన ముక్క మాత్రం ఇప్పటికీ పాథాలజిస్టు మైక్రోస్కోపు కిందికి వెళ్లాల్సిందే.