దక్షిణ పినాకిని దిగువన: హోసూరు, కృష్ణగిరి సీమల నీటి చరిత్ర

పెన్న అనగానే తెలుగు విద్యార్థికి నెల్లూరు గుర్తుకు వస్తుంది. నంది కొండల ప్రాంతంలో పుట్టి అనంతపురం, కడప, నెల్లూరు సీమల మీదుగా సముద్రంలో కలిసే ఆ నది ఉత్తర పినాకిని. అదే కొండల్లో పుట్టి దక్షిణానికి మళ్ళిన దాని తోబుట్టువు దక్షిణ పినాకిని. తమిళులు దీన్ని తెన్‌పెన్నై అంటారు. బెంగుళూరు తూర్పు శివార్ల నుంచి హోసూరు పీఠభూమికి చేరి, కృష్ణగిరి, ధర్మపురి, తిరువణ్ణామలై సీమలు దాటి కడలూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. మన సాహిత్య చరిత్రల్లో ఉత్తర పినాకినికి ఉన్న చోటు దీనికి లేదు. కాని ఈ నది ఒడ్డున ఉన్న కెలవరపల్లి, తట్టిగానపల్లి వంటి ఊళ్ళ పేర్లు ఇక్కడ ఎవరి మాట చిరకాలంగా వినిపిస్తున్నదో చెబుతూనే ఉన్నాయి.

పర్యావరణ న్యాయం అనే మాట ఇటీవల విశ్వవిద్యాలయాల్లో బాగా వినిపిస్తున్నది. అభివృద్ధి ఫలం ఒకరికి, దాని మురికి మరొకరికి దక్కడం ఎందుకు జరుగుతున్నది, ఆ పంపకాన్ని నిర్ణయించే చోట మురికి మోసేవారి మాట చెల్లుతున్నదా అనేవి ఆ మాట వెనుక ఉన్న ప్రశ్నలు. హోసూరు, కృష్ణగిరి సీమల చరిత్రను ఈ ప్రశ్నలతో చదవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా సరిహద్దు సంగతి. 1792 శ్రీరంగపట్టణం సంధితో బారామహల్, అంటే కృష్ణగిరి వైపు ప్రాంతం, ఈస్టిండియా కంపెనీకి దక్కింది. అలెగ్జాండర్ రీడ్, థామస్ మన్రో అక్కడ భూమిశిస్తు ఏర్పాట్లు చేశారు. తరువాత దత్తమండలాల్లో మన్రో చేసిన పని తెలుగువారికి తెలిసిందే. 1799లో టిప్పు సుల్తాను పతనం తరువాత హోసూరు పీఠభూమి కూడా కంపెనీ చేతికి వచ్చింది. నది తలభాగం మాత్రం మైసూరు రాజ్యంలో ఉండిపోయింది. ఆ విధంగా ఒకే నది పరీవాహక ప్రాంతం రెండు ప్రభుత్వాల కిందికి వచ్చింది. ఎగువ, దిగువ అన్నవి అంతవరకు నేల వాలును చెప్పే మాటలు. అప్పటినుంచి అవి రాజకీయ పదాలు కూడా అయినాయి.

ఈ సీమలో వ్యవసాయం గొలుసు చెరువుల మీద నడిచింది. కట్ట, తూము, మరవ, ఆయకట్టు అనే మాటలు కోలారు నుంచి చిత్తూరు వరకు రైతు నోట వినిపించేవే. మరవ అంటే చెరువు నిండిన తరువాత మిగులు నీరు పొర్లిపోయే చోటు. పై చెరువు మరవ నీరే కింది చెరువుకు ఆధారం. ఎవరి పొలానికి ఎప్పుడు నీరు వదలాలో చూసే నీరుగంటి తరచుగా దళితుడే. ఈ ఏర్పాటులో కుల అసమానత లేకపోలేదు; నీరు పంచినవాడికి సొంత పొలం ఉండడం అరుదు. అయితే పైవాడి మిగులు కిందివాడి హక్కు అన్న సూత్రాన్ని మాత్రం అందరూ ఒప్పుకున్నారు.

ఈ సూత్రానికి ఒక శాసనరూపం 1892లో వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరి 18న మద్రాసు, మైసూరు ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. కావేరితో పాటు దక్షిణ పినాకిని కూడా ఆ జాబితాలో ఉంది. మద్రాసు ప్రభుత్వానికి ముందుగా తెలిపి, దాని సమ్మతి పొందకుండా మైసూరు కొత్త జలాశయాలు కట్టరాదు. ఒప్పందం చూసింది నీటి పరిమాణాన్నే. నీరు తగ్గుతుందేమో అని దిగువవారు భయపడ్డారు; చెడుతుందేమో అన్న ఊహ అప్పటివారికి రాలేదు. రావలసిన అవసరమూ అప్పటికి లేదు.

1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు హోసూరు, కృష్ణగిరి తాలూకాలు మద్రాసు రాష్ట్రపు సేలం జిల్లాలోనే ఉండిపోయాయి. పటాస్కర్ నిర్ణయాన్ని అనుసరించి 1960 ఏప్రిల్ 1న ఆంధ్ర, మద్రాసు సరిహద్దులను సవరించినప్పుడు కూడా ఈ స్థితి పెద్దగా మారలేదు. 1965లో ధర్మపురి జిల్లా, 2004లో కృష్ణగిరి జిల్లా ఏర్పడ్డాయి. ఈ మధ్యకాలంలోనే, 1957లో, కామరాజు ముఖ్యమంత్రిగా ఉండగా, కృష్ణగిరి జలాశయం వచ్చింది. 1970ల నుంచి హోసూరులో పారిశ్రామికవాడ పెరిగింది. హోసూరుకు ఎగువన కెలవరపల్లి ఆనకట్ట కూడా తయారయింది.

ఇంతలో ఎగువన బెంగుళూరు పెరిగింది. ఆ నగరం ఒక మిట్ట మీద ఉన్నది. పడమటి వాలు నీరు వృషభావతి, అర్కావతుల ద్వారా కావేరికి పోతుంది. తూర్పు వాలు నీరు బెళ్ళందూరు, వర్తూరు చెరువుల గుండా దక్షిణ పినాకినికి వస్తుంది. 1974 నుంచి నగరం సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి కావేరి నీటిని తెచ్చుకుంటున్నది. వాడిన నీటిలో పెద్ద భాగం ఈ తూర్పు వాలు పట్టింది. కనుక ఒకప్పుడు వానాకాలపు నదిగా ఉన్న పినాకినిలో ఎండాకాలం కూడా పారకం కనిపిస్తుంది. నీరు తగ్గుతుందని 1892లో భయపడ్డారు. తగ్గలేదు, పెరిగింది. పెరిగినది మురుగు.

నురుగు ఎలా పుడుతుందో కూడా తెలుసుకోవాలి. బట్టల సబ్బుపొడులలోని రసాయనాలు శుద్ధి కాని మురుగుతో కలిసి చెరువులో పేరుకుంటాయి. మరవ దగ్గర, ఆనకట్ట తలుపుల దగ్గర నీరు ఎత్తునుంచి పడి గాలితో కలియబడగానే అది నురుగై లేస్తుంది. బెళ్ళందూరు చెరువులో 2015లోను, 2017, 2018లలోను నిప్పు అంటుకున్న వార్త ప్రపంచమంతా తెలిసింది. 2018 డిసెంబరులో జాతీయ హరిత న్యాయస్థానం ఆ చెరువుల బాగుకు 500 కోట్ల రూపాయలు విడిగా ఉంచాలని కర్ణాటక ప్రభుత్వాన్ని ఆదేశించింది. అదే నీరు దిగివచ్చి కెలవరపల్లి ఆనకట్ట దగ్గర నురుగు గుట్టలై, తట్టిగానపల్లి దారిలోని వంతెనను ముంచిన వార్త మాత్రం జిల్లా పుటలు దాటడం అరుదు.

బాధ కూడా అందరికీ ఒకటి కాదు. లోతైన బోరు వేయించుకోగల గులాబీతోటల యజమాని నదిని వదిలేయగలడు. కాలువ నీరే దిక్కైన చిన్నరైతు వదలలేడు. ఆ నీటిలో మోకాళ్ళదాకా దిగి నాట్లు వేసే కూలి ఆడవాళ్ళు, చేపలు పట్టేవారు, గొడ్లను నీటికి తోలేవారు అసలే వదలలేరు. హోసూరు కూడా కేవలం బాధితురాలు కాదు. హోసూరు మురుగు, పరిశ్రమల వ్యర్థాలు చేరేది దిగువనున్న కృష్ణగిరి జలాశయానికే. ప్రతి ఎగువకూ ఒక దిగువ ఉంటుంది.

చట్టం ఏం చేసింది? 1974 జలకాలుష్య నివారణ చట్టం రాష్ట్రానికొక మండలిని ఏర్పాటు చేసింది. మండలి అధికారం రాష్ట్రపు పొలిమేరతో ఆగుతుంది, మురుగు ఆగదు. ఇరుగుపొరుగు రాష్ట్రాలు ఒప్పందం మీద ఉమ్మడి మండలి పెట్టుకోవడానికి అదే చట్టం 13వ సెక్షను అవకాశం ఇచ్చింది. కాని 2018లో తమిళనాడు సుప్రీంకోర్టులో వేసిన దావా మళ్ళీ పరిమాణం గురించే: పినాకిని ఉపనది మార్కండేయ మీద యరగోళు దగ్గర కర్ణాటక కట్టిన ఆనకట్ట, నీటి మళ్ళింపు. ఆ ఆనకట్ట నీరు కోలారు, మాలూరు, బంగారుపేటల దాహం తీర్చడానికి. అక్కడా ఇక్కడా తెలుగు మాట్లాడే రైతులే ఉన్నారు. వివాదానికి ఇరువైపులా తెలుగు ఉంది. వివాదపు కాగితాల్లో మాత్రం లేదు.

ఇక్కడే భాషావిద్యార్థికి పని ఉన్నది. పర్యావరణ న్యాయం అనే భావన అమెరికాలో బలపడింది 1982లో. ఉత్తర కరోలినాలోని వారెన్ కౌంటీలో నల్లజాతివారు ఎక్కువగా ఉన్న చోట విషపు మట్టిని పూడ్చడానికి పూనుకోగా ప్రజలు అడ్డుపడ్డారు. 500 మందికి పైగా అరెస్టయ్యారు. కాలిఫోర్నియాలోని కెటిల్‌మన్ సిటీ కథ మనకు ఇంకా దగ్గరిది. అది స్పానిష్ మాట్లాడే కూలీల ఊరు. సుమారు 40 శాతం మందికి వేరే భాష రాదు. అక్కడ విషవ్యర్థాలను కాల్చే కొలిమి పెట్టడానికి వెయ్యి పుటల దాకా ఉన్న నివేదికను ఇంగ్లీషులో తయారుచేశారు. దాన్ని స్పానిష్‌లోకి అనువదించకపోవడం ప్రజలను నిర్ణయంలో పాల్గొననీయకపోవడమేనని 1991 డిసెంబరులో న్యాయస్థానం తేల్చింది. 1993లో కంపెనీ ఆ ప్రతిపాదనను మానుకుంది.

మన దేశంలో 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం నివేదిక సారాంశం ఇంగ్లీషుతో పాటు రాష్ట్ర అధికారభాషలో లేదా స్థానిక భాషలో ఉండాలి. హోసూరులో స్థానిక భాష ఏది? తమిళం, తెలుగు, కన్నడం మూడూ బజారులో వినిపించే చోట ఆ ‘లేదా’ అనే మాటకు చాలా బరువు ఉన్నది. 2020లో కొత్త ముసాయిదా వచ్చినప్పుడు దాన్ని ఎనిమిదో షెడ్యూలు భాషలన్నింటిలోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు జూన్ 30న ఆదేశించింది. భాష తెలియకపోతే అభిప్రాయం చెప్పే హక్కు ఉత్తదే అని కోర్టు గుర్తించినట్టే.

మరోవైపు 2006 తమిళ అభ్యసన చట్టం తరువాత తెలుగు బడులలోనూ తమిళం తప్పనిసరి అయింది. నేటి పిల్లలు తమిళ నోటీసు చదవగలరు, అది మేలే. వారి అవ్వాతాతలు చదవలేరు. నది ఎప్పుడు మారిందో, ఏ ఏటినుంచి చేపలు తగ్గాయో, ఏ మడుగు నీళ్ళు తాగేవారో తెలిసినది ఆ అవ్వాతాతలకే. వారి సాక్ష్యం తెలుగులో ఉంది. అది ఫైలుకు ఎక్కకుండానే పోతున్నది.

కనుక ఈ సీమ విద్యార్థులకు నా సూచన ఒక్కటే. సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు మీ చెరువు మరవ నీరు ఎక్కడికి పోతుందో, మీ ఊరికి ఏ నీరు వస్తుందో పెద్దలను అడిగి వారి మాటల్లోనే రాసుకోండి. తేదీ, ఊరు, చెప్పినవారి వయసు, వృత్తి నమోదు చేయండి. తమిళంలోకి, కన్నడంలోకి కూడా మార్చి పెట్టుకోండి. ఈ మూడు భాషలూ వచ్చినవారు మీరే. మాండలిక పదకోశానికి ఉపకరించే ఆ నోటుపుస్తకమే రేపు ప్రజాభిప్రాయ సేకరణ సభలో సాక్ష్యంగా నిలవవచ్చు.