వేటు, పోటు, మొత్తు

కార్తీక బహుళ అమావాస్యనాడు మొదలగు కారెంపూడి వీరుల తిరునాళ్ళను చూడవలెనని మాచర్లలోని మా యింటికి వచ్చిన మా మేనల్లుడు, ప్రయాణపు బడలికయైనను తీరకముందే ల్యాప్‌టాప్ తెరచి, తాను కొన్ని నెలలుగా స్వయముగా కూర్చుకొనుచున్న యొక వీడియో ఆటను నా ముందు పెట్టెను. పాడుపడిన కోటలో, దివిటీ వెలుతురున, ఒక అస్థిపంజరము కటకటలాడుచు నడచి వచ్చుచుండెను. వీరుడు కత్తి దూసి దానిని నాలుగైదుమార్లు నరికినను, దాని తలపై కనబడు ఎఱ్ఱని ఆయువుగీత వెండ్రుకవాసియే తగ్గినది. కత్తిని ఒరలో పెట్టి గద నందుకొని రెండుమార్లు మోదగా, ఆ యెముకలన్నియు విడివడి రాశిగా నేలబడినవి.

"ఎముకల మీద కత్తి ఏం పారుతుంది మామయ్యా? గద పట్టాల్సిందే" అని వాడు ఆయుధముల పట్టికను చూపెను. అందు మొదటి గడిలో ఆయుధము పేరు, రెండవదానిలో దాని బలము, మూడవదానిలో డ్యామేజ్ టైప్ అను శీర్షిక క్రింద స్లాషింగ్, పియర్సింగ్, బ్లడ్జనింగ్ అను మూడు మాటలు ఉండెను. "మన పల్నాటి వీరుల ఆయుధాలు పెడుతున్నాను కదా, ఈ మూడు మాటలూ తెలుగులోనే ఉండాలి. నువ్వే చెప్పాలి" అని అడిగెను. రేపు చెప్పెదనంటిని గాని, ఆ మూడవ గడి నన్ను చాలదినములు విడువలేదు.

మాటలకై మనము వెదకుకొనవలసిన పనియే లేదు. కత్తిది వేటు, బల్లెముది పోటు, గదది మొత్తు. తెలుగువాడు కత్తిపోటనినప్పుడు కత్తిమొన శరీరములో దిగినదనియు, కత్తివేటనినప్పుడు దాని వాదర కోసినదనియు వినువానికి వేరే చెప్పనక్కరలేదు. వెన్నుపోటు అందుముగాని వెన్నువేటు అనము. కడుపులో నొప్పి పొడిచినట్లున్నపుడు పోటు అందుము. గొడ్డలికి వేటుతోపాటు పెట్టు అనునది ప్రత్యేకముగా నున్నది. ఆయుధము పేరు చెప్పకయే, గాయము పేరునుబట్టి ఆయుధము ఏ రీతిగా వచ్చి తాకినదో తెలియజేయు శక్తి యీ చిన్న మాటలలో నిమిడియున్నది. ఆటలవారు పట్టికలో మూడవ గడిగా కట్టుకొనినదానిని మన భాష క్రియలలోనే దాచుకొన్నది.

ఇక ఆ గడి పుట్టుక యెట్టిదో చూతము. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున లేక్ జెనీవా అను చిన్న యూరిలో, బల్లపై బొమ్మసైనికులను నిలిపి యుద్ధములాడు వేడుకగాండ్రలో నొకడైన గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్‌తో గూడి 1971లో 'చైన్‌మెయిల్' అను నియమావళిని ప్రకటించెను. అందు ఒక యోధుడు మరియొక యోధునితో తలపడునప్పుడు, ఏ యాయుధము ఏ కవచముపై పారవలెనన్న రెండు పాచికలపై ఎంత పడవలెనో చూపు పట్టిక యొకటి కలదు. గాయము ఎంతటిది, ఎట్టిది అను ప్రశ్న యింకను పుట్టలేదు. తగిలిన చచ్చును, తగులకున్న బ్రదుకును. 1974లో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు వెలువరించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'లో యోధునకు ఆయువు అంకెలలో వచ్చినది గాని, తొలిరూపమున చురకత్తియైనను రెండుచేతుల ఖడ్గమైనను ఆరుముఖముల పాచిక యొక్కటియే కొలతగా నుండెను. మరుసటి సంవత్సరము 'గ్రేహాక్' అను అనుబంధ గ్రంథము ఆయుధమునకొక పాచికను ఏర్పరచెను. ఎంత అనుదానికి భేదము వచ్చినది. ఎట్టిది అనుదానికి ఇంకను రాలేదు.

ఆ భేదమును తెచ్చినది అస్థిపంజరమే. 1977లో అచ్చయిన ఆ యాటయొక్క రాక్షసకోశములో, వాడి యంచుగల ఆయుధములు అస్థిపంజరమునకు సగము హానినే చేయుననియు, దుడ్డుకఱ్ఱ, గద వంటివి పూర్తి హాని చేయుననియు వ్రాసిరి. ఎంత సహజమైన యూహ! కోయుటకు మాంసము లేనిచోట కత్తి యేమి కోయును? పొడుచుటకు ప్రేగులు లేనిచోట బల్లెము దేనిలో దిగును? ప్రక్కటెముకల సందుననుండి అవతలికి పోవును. పగులగొట్టుట యొక్కటియే మిగిలినది. ఆయుధములను విభజింపవలెనని యెవరును ముందుగా కూర్చుండి శాస్త్రము రచింపలేదు. దెబ్బతిను దేహముయొక్క స్వభావము ఆయుధములను విడదీసినది. ఈ చరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టమిదియే.

మాచర్ల చుట్టుపట్ల నాపరాతి గనులలో పనిచేయువారిని చూచినవారికి ఇది క్రొత్తగా తోపదు. పొరలు పొరలుగా పఱచుకొనియున్న ఆ రాతిని కొడవలి యేమియు చేయలేదు. పొర సందున ఉలిని నిలిపి, సమ్మెటతో అదను చూచి కొట్టిన, నిలువెడు పలక చప్పుడు మారి లేచివచ్చును. ఆ చప్పుడు మారుటకై చెవియొగ్గి నిలుచు పనివానికి, ఏ వస్తువునకు ఏ దెబ్బయో నేర్పినది ఆ రాయియే.

డేవిడ్ కుక్ ప్రధాన రచయితగా 1989లో వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' రెండవ కూర్పులో ప్రతి యాయుధమునకు ఎదుట ఎస్, పీ, బీ అను పొడి యక్షరములు చేరినవి. నేటి ఆటలలోని మూడవ గడి కిదియే జన్మపత్రిక. దానితోడనే, కావలసినవారు పాటించుటకని, కవచమునకును గాయపురీతికిని గల మైత్రీవైరములను చూపు పట్టికయు వచ్చినది. వలయములల్లిన ఇనుపచొక్కా వేటును చక్కగా నాపును; పోటునకు సాధారణముగా నిలుచును; మొత్తునకు మాత్రము లొంగిపోవును. వలయములు తెగకపోయినను, వాని క్రిందనున్న యెముక విఱుగుట మానదు గదా. 1998లో 'బాల్డర్స్ గేట్' ఈ పట్టికనే కంప్యూటరు తెరపైకి తెచ్చెను. దానికి ముందే 'డయాబ్లో' తనదైన త్రోవలో కత్తిని మృగములపైనను, గదను బ్రతికిలేచిన శవములపైనను బలముగలదానినిగా చేసియుండెను. 2004లో జపానువారి 'మాన్‌స్టర్ హంటర్' మఱొక యడుగు వేసినది: ఘోరమృగముయొక్క తోకను తెగగొట్టవలెనన్న కోతయాయుధమే కావలెను, దానికి తల తిరిగి పడిపోవలెనన్న సుత్తితో తలపైననే మోదవలెను. 2011 నాటి 'డార్క్ సోల్స్'లో సాధారణము, మొత్తు, వేటు, పోటు అని నాలుగు రీతులున్నవి. మా వాడు తన నమూనాను దీనినుండియే గ్రహించెనట.

ఈ చరిత్రను ఇంతతో ముగించిన అది యేబదియేండ్ల చరిత్రయే యగును. కాని ఆయుధములను లెక్కించి, పేరుపెట్టి, వరుసదీర్చుట మన దేశమున ఎన్నడో జరిగినది. అందును రెండు మార్గములు కలవు. అగ్నిపురాణములోని ధనుర్వేదము యంత్రముక్తము, పాణిముక్తము, ముక్తసంధారితము, అముక్తము, బాహుయుద్ధము అని ఐదు తెగలు చేసినది: వింటినుండి విడుచునవి, చేతితో విసరునవి, విసరి మరల రాబట్టుకొనునవి, చేతిలోనే యుంచుకొని కొట్టునవి, ఉత్త చేతుల పోరు. ఇది యోధుని చేయి చూచి చేసిన విభజనము. గురువు శిష్యునకు విద్య నేర్పుటకై చేసినది గావున, చేతిని విడిచిన పిమ్మట ఆయుధము ఎవని దేహమున నేమి చేసినదో అది పట్టించుకొనదు.

రెండవ మార్గము కౌటిల్యునిది. అర్థశాస్త్రము రెండవ అధికరణమున ఆయుధాగారాధ్యక్షుని ప్రకరణమొకటి కలదు. మైసూరులో శామశాస్త్రిగారు తాళపత్రమునుండి వెలికిదీసి 1909లో అచ్చువేయించిన ఆ గ్రంథమున, బాణముల ములుకులను గూర్చి చెప్పుచోట ఛేదనము, భేదనము, తాడనము అను మూడు పనులును, వానికి తగిన ఇనుము, ఎముక, కొయ్య అను మూడు ద్రవ్యములును పేర్కొనబడినవి. మా మేనల్లుని మూడవ గడియందలి మూడు మాటలు, అదే వరుసలో! కోయునది, చీల్చుకొని పోవునది, కొట్టునది. చదివినచోటనే గ్రంథమును మడిచి, వానిని కేకవేసి పిలిచి చూపితిని. రాజుయొక్క ఆయుధశాలలో సరకు లెక్కవ్రాయు అధికారికి, ఏ ములుకు ఏ పనికి పనికివచ్చునో తెలియుట అవసరము. ఆ యవసరమే లేక్ జెనీవా ఆటగాండ్రకును కలిగినది. వారు కౌటిల్యుని చదివి యిది చేసిరని నేననను. ఒకే ప్రశ్నకు ఒకే సమాధానము రెండుచోట్ల వేర్వేరుగా మొలచినదని మాత్రము నా తలంపు. అదే ప్రకరణమున కవచములలో లోహజాలికమును చెప్పినాడు. గైగాక్స్ తన నియమావళికి పెట్టిన 'చైన్‌మెయిల్' అను పేరును తెలుగుచేయుమని నన్నడిగిన, ఆ మాటయే వాడెదను.

దేహముయొక్క సాక్ష్యమును సంపూర్ణముగా వినినవాడు మాత్రము వైద్యుడు. సుశ్రుతుడు అప్పటికప్పుడు తగిలిన గాయములను, అనగా సద్యోవ్రణములను, ఛిన్నము, భిన్నము, విద్ధము, క్షతము, పిచ్చితము, ఘృష్టము అని ఆరు విధములుగా చెప్పినాడు. తెగినది ఛిన్నము. మొన లోనికి చొచ్చి కోష్ఠమును భేదించినది భిన్నము; కోష్ఠమును తాకక గ్రుచ్చుకొనినది విద్ధము. తెగుటయు గ్రుచ్చుకొనుటయు రెండును కొంతకొంత గలది క్షతము. దెబ్బచేతగాని ఒత్తిడిచేతగాని యెముకతోగూడ నలిగి చదునైపోయినది పిచ్చితము. చర్మము గీచుకొనిపోయినది ఘృష్టము. ఆటలవారి పోటు ఇక్కడ రెండుగా విడినది, ఏలయన ప్రేగు తెగినవానికిని కండలో మాత్రమే మొన దిగినవానికిని చికిత్స యొకటి కాదు. ఇంకొక్క విశేషము: శత్రువును చీల్చు పనికి కౌటిల్యుడు వాడిన ఛేద, భేద శబ్దములనే సుశ్రుతుడు తన శస్త్రకర్మలలో ఛేద్యము, భేద్యము అని రోగిని బ్రదికించు పనికి వాడినాడు. నేటి ఆటలలో గాయమునకు చికిత్స ఒక్క గ్రుక్క యౌషధము. సుశ్రుతుని ఆరు గాయములకు ఆరు చికిత్సలను పెట్టి ఎవరైన ఆట కూర్చిన, దానిని కూర్చుండి యాడవలెనని నాకు ఆశ.

ఆటలలో అభేద్యతయని మఱొక నియమమున్నది: ఫలాని శత్రువుపై ఫలాని యాయుధము పారనే పారదు. దీనికి మన పురాణములే పుట్టినిల్లు. హిరణ్యకశిపుడు తనపై పారరాని వానినన్నిటిని పట్టిక వ్రాసినట్లు వరముగా కోరుకొనెను. ఆ పట్టికలో చేరక మిగిలిన సందు నృసింహుని గోళ్ళకు దొరకెను. తడిదియు పొడిదియు గాని దానిచేతనే చావవలసిన నముచిని ఇంద్రుడు నీటినురుగుతో చంపెను.

నృసింహుని పేరు వచ్చినది గనుక మా పల్నాటికి వత్తును. చంద్రవంక యొడ్డున చెన్నకేశవుని కొలిచిన బ్రహ్మనాయుని యాయుధము నృసింహకుంతమనియు, ఆయన కుమారునిగా చేపట్టిన కన్నమదాసుది భైరవఖడ్గమనియు ఇచ్చటి వాడుక. పండ్రెండవ శతాబ్దమున గురజాలకును మాచర్లకును నడుమ పుట్టిన వైరము కారెంపూడి రణభూమిలో ముగిసినది. నాటినుండి అచ్చటి వీర్లగుడిలో వీరులు శిలలై పూజలందుకొనుచున్నారు. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఐదు దినములు జరుగు ఆ యుత్సవమున, ఊరూరినుండి వీరాచారవంతులు తమ యిండ్లలో తరతరములుగా దాచుకొనిన కొణతములను, అనగా వీరుల యాయుధములను, భుజముపై నెత్తుకొని వత్తురు. నాగులేటి నీట స్నానము చేయించి, పసుపుకుంకుమలు పెట్టి, పూలు చుట్టిన ఆ యాయుధమును పట్టినవాడు, పసిబిడ్డను ఎత్తుకొనినవాని వలె, జనసమ్మర్దములో మోచేతిని అడ్డుపెట్టుకొనుచు నడచుటను నేను ప్రతి యేడును చూచుచున్నాను. ఆయుధము ఇచ్చట వస్తువు కాదు, పేరుగల వ్యక్తి. అది ఎవనిదో చెప్పుదురుగాని, దాని బలమెంతయో ఎవరును చెప్పరు.

మందపోరునాడు నా ప్రక్కనే నిలిచి చూచిన మా మేనల్లుడు, ఇంటికి వచ్చి పట్టికను మరల తెరచెను. బలమునకు ముందు మఱొక గడిని చేర్చి, దానికి 'ఎవరిది' అని పేరు పెట్టెను. నృసింహకుంతమునకెదుట బ్రహ్మనాయుడని వ్రాసి, పోటు అని చేర్చెను. కౌటిల్యుడు కుంతమును నాగటికఱ్ఱువంటి మొనగల ఆయుధములలోనే లెక్కించినాడు గావున నేనును ఒప్పుకొంటిని. భైరవఖడ్గమునకెదుట కన్నమదాసు, వేటు. గండ్రగొడ్డలి దగ్గర వాడి వ్రేళ్ళు ఆగినవి.

"దీనికి వేటేనా మామయ్యా?"

పెరటిలో వేపమొద్దులు చీల్చు గొడ్డలిని తెచ్చి వానిచేతి కిచ్చితిని. వాదరను మొద్దులో దించి చూచెను. త్రిప్పిపట్టి, వెనుకవైపుతో పశువులకొట్టపు గుంజ నొకదానిని నేలలోనికి దిగగొట్టి చూచెను. పిమ్మట లోనికి వచ్చి, ఆ గడిలో వేటు అని వ్రాసి, కొట్టివేసి, మొత్తు అని వ్రాసి, దానినిగూడ కొట్టివేసి, ఆ రాత్రికి దానిని ఖాళీగా విడిచిపెట్టెను.