బారెట్ అన్నవాహిక వ్యాధి, మెటబాలిక్ సిండ్రోమ్: ఆధారాల పరిశీలన

అన్నవాహిక కింది భాగంలో సహజమైన పొర పోయి, పేగు పొరను పోలిన స్తంభాకార కణాల పొర ఏర్పడితే దాన్ని బారెట్ వ్యాధి అంటారు. జీర్ణాశయంలోని ఆమ్లం ఏళ్ల తరబడి పైకి తన్నడమే దీనికి ముఖ్య కారణమన్నది సాధారణంగా అంగీకరించిన విషయం. మెటబాలిక్ సిండ్రోమ్‌కు ఇందులో ఎంత పాత్ర ఉందో తేల్చాలంటే, ముందుగా రెండింటి నిర్వచనాలనూ పరిశీలించవలసి ఉంటుంది.

1. ఈ వ్యాధికి తన పేరు సంక్రమించిన నార్మన్ బారెట్ 1950 నాటి వ్యాసంలో ఈ పొర ఉన్న భాగాన్ని అన్నవాహికగా కాక, ఛాతీలోకి జరిగిన జీర్ణాశయంగా భావించాడు. అది అన్నవాహికేనని 1953లో ఆలిసన్, జాన్‌స్టోన్ వాదించారు. 1957లో బారెట్ ఆ వాదాన్ని అంగీకరించాడు. అయితే నిర్వచనంపై విభేదం పూర్తిగా సమసిపోలేదు. బయాప్సీలో గోబ్లెట్ కణాలు (పేగు పొరలో ఉండే, జిగురు స్రవించే కణాలు) కనిపించి తీరాలని అమెరికా మార్గదర్శకాలు అంటాయి. 2014 నాటి బ్రిటిష్ మార్గదర్శకాల్లో ఆ నిబంధన లేదు. కాబట్టి ఆ రెండు దేశాల అంకెలను నేరుగా పోల్చడం క్షేమం కాదు.

2. మెటబాలిక్ సిండ్రోమ్‌కు 2001 నాటి అమెరికన్ నిర్వచనం ప్రకారం నడుము చుట్టుకొలత, ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్, రక్తపోటు, పరగడుపు చక్కెర అనే అయిదింటిలో మూడు గతి తప్పి ఉండాలి. అందులో నడుము హద్దు పురుషులకు 102 సెం.మీ., స్త్రీలకు 88. దక్షిణాసియా వారికి 2005లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 90, 80గా నిర్ణయించింది. 95 సెం.మీ. నడుము గల తెలుగు పురుషుడు మొదటి హద్దుకు లోపల, రెండో హద్దుకు బయట ఉంటాడు.

3. 2013లో వెలువడిన ఒక సమీక్ష అనేక అధ్యయనాలను కలిపి చూసి, పొట్ట దగ్గర కొవ్వు పేరుకున్నవారిలో బారెట్ వ్యాధి అవకాశం సుమారు రెట్టింపని లెక్కగట్టింది. ఛాతీమంట ప్రభావాన్ని మినహాయించినా ఆ సంబంధం నిలిచింది. అయితే 2015లో అమెరికా మెడికేర్ రికార్డులపై జరిగిన అధ్యయనంలో మొత్తం సిండ్రోమ్‌తో కనిపించిన పెరుగుదల అంతకంటే స్వల్పమే. ఆ రికార్డుల్లో ఉన్నవి బీమా బిల్లుల్లోని నిర్ధారణలు. టేపుతో కొలిచిన నడుములు కావు. ఈ తేడాకు అదొక కారణం కావచ్చు. పొట్ట కొవ్వు జీర్ణాశయంపై ఒత్తిడి పెంచి ఆమ్లాన్ని పైకి నెడుతుంది. లెప్టిన్, ఇన్సులిన్ వంటి హార్మోన్ల మార్గమూ ఉండవచ్చు. ఇవన్నీ కలిపి చూస్తే, సిండ్రోమ్ అంతటిలోకీ నడుముకే బలమైన ఆధారం ఉన్నట్లు తోస్తుంది. రక్తంలోని చక్కెర, కొవ్వు అంకెలకు విడిగా అంత బలం కనిపించదు.

4. చికిత్స విషయంలో ఆధారాలు మరింత పలుచన. డిస్‌ప్లేసియా (క్యాన్సర్‌కు ముందటి కణ మార్పులు) ఉన్న 127 మందిపై 2009లో ప్రచురితమైన ప్రయోగంలో, రేడియో ఫ్రీక్వెన్సీ అబ్లేషన్ (ఆ పొరను వేడితో కాల్చివేసే చికిత్స) పొందినవారిలో 77.4 శాతం మందికి పేగు తరహా పొర పూర్తిగా తొలగింది; పోలిక బృందంలో 2.3 శాతం మందికే. మెటబాలిక్ సిండ్రోమ్ ఆ ఫలితాన్ని మారుస్తుందా అన్నది ఆ ప్రయోగం వేసుకున్న ప్రశ్న కాదు. ఇన్సులిన్ మార్గాన్ని నేరుగా పరీక్షించిన ప్రయత్నం 2015 నాటిది. అందులో 74 మందికి 12 వారాలపాటు ఇన్సులిన్ స్థాయిని తగ్గించే మెట్‌ఫార్మిన్ గాని, ఉత్తుత్తి మాత్ర గాని ఇచ్చారు; అన్నవాహిక కణాల వృద్ధి సూచికలు తగ్గలేదు. ఇంత తక్కువ వ్యవధిని బట్టి ఆ మార్గం మూసుకుపోయిందనడం తొందరపాటే.

5. బరువు తగ్గించే శస్త్రచికిత్స ఎంపికలో మాత్రం జాగ్రత్త తప్పనిసరి. జీర్ణాశయంలో చాలా భాగాన్ని తొలగించే స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ తర్వాత కొందరిలో ఆమ్లం ఎగదన్నడం పెరిగి, బారెట్ వ్యాధి కొత్తగా కనిపించినట్లు పలు నివేదికలున్నాయి. వాటిలోని శాతాలు ఒకదానితో ఒకటి పొసగవు. గ్యాస్ట్రిక్ బైపాస్ తర్వాత ఈ ఎగదన్నడం సాధారణంగా తగ్గుతుంది. అందువల్ల ఇదివరకే బారెట్ వ్యాధి ఉన్న స్థూలకాయులకు పలువురు సర్జన్లు బైపాస్‌నే సూచిస్తారు. ఆ వ్యాధి ఉందో లేదో ఆపరేషన్‌కు ముందే ఎండోస్కోపీతో చూసుకోవడం ఇక్కడ కీలకం.