కంతికి సంఖ్య: మృదుకణజాల శస్త్రచికిత్సల లెక్క

చర్మమునకు లోపల, ఎముకకు వెలుపల నుండు కొవ్వు, కండరము, నరము, రక్తనాళము మొదలగు వానిని వైద్యులు మృదుకణజాలమందురు. అందు పుట్టిన కంతిని కోసి తీయుట ప్రాచీన విద్య. ఆ కోతకొక సంఖ్య నిచ్చి, ఆ సంఖ్యను బట్టి సొమ్ము చెల్లించుట ఇటీవలి పద్ధతి. ఈ పద్ధతి చరిత్ర పొన్నేరి వంటి సరిహద్దు సీమల తెలుగువారికి కేవలము శాస్త్రవిషయము కాదు. ఇంటి ఖర్చుకు సంబంధించినది.

సుశ్రుతసంహితయందు గ్రంథి, అర్బుదములు వేఱువేఱుగా వివరింపబడినవి. వాత, పిత్త, కఫ, రక్త, మాంస, మేదస్సులను బట్టి అర్బుదము ఆఱు విధములు. ఛేదనము మొదలు సీవనము వఱకు శస్త్రకర్మలు ఎనిమిది. రోగమునకొక పేరు, చేసిన పనికి వేఱొక పేరు అను విభాగము అప్పటికే కలదు. నేటి సంకేతముల తీరును ఇట్టిదే.

రోగములకు సంఖ్యల నిచ్చు పని మరణముల లెక్కతో ఆరంభమయ్యెను. ఫ్రెంచి గణాంకవేత్త జాక్ బెర్తియ్యోఁ 1893లో మరణకారణముల పట్టికను సమర్పించెను. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆఱవ కూర్పునందు రోగములను కూడ చేర్చినది. పదియవ కూర్పున కొవ్వు కంతి డి 17; మృదుకణజాలపు క్యాన్సరు సి 49. చేసిన చికిత్సకు సంఖ్యల నిచ్చు గ్రంథమును అమెరికా వైద్య సంఘము 1966లో ప్రకటించెను. నాలుగంకెల సంఖ్యలు 1970లో అయిదంకెలైనవి. 1983 నుండి అచటి ప్రభుత్వపు మెడికేర్ బిల్లులకు అవియే ఆధారములు.

కంతుల విషయమున ముఖ్యమైన మార్పు 2010లో వచ్చినది. అంతకు పూర్వము ప్రధానముగా శరీరభాగము, లోతు, కోత విస్తృతి మాత్రమే పరిగణింపబడుచుండెను; అప్పటి నుండి కొలతయు చేరినది. పై చేతియందు చర్మము క్రింది కంతి 3 సెంటీమీటర్లకు తక్కువైన 24075, లేనిచో 24071. కండరపు పొరకు లోపలిదైనచో 5 సెంటీమీటర్లు హద్దు: తక్కువైన 24076, లేనిచో 24073. చుట్టుప్రక్కల కణజాలముతో సహా సమూలముగా తొలగించిన 24077, 24079. చర్మమునందే పుట్టిన తిత్తులు వేఱొక పట్టికకు చెందును. కొలత యనగా కంతి వెడల్పు మాత్రమే కాదు. దానిని పూర్తిగా తీయుటకు వలసిన అంచుతో కూడిన కొలత. దీనిని కోయునపుడే వ్రాసికొనవలెను. ఫార్మలిన్ యందుంచిన ముక్క కుంచించుకొనిపోవును. చెన్నపట్టణమున, హైదరాబాదున అమెరికా ఆసుపత్రుల బిల్లులకు ఈ సంఖ్యలు వేయు ఉద్యోగమున తెలుగు యువజనులు అనేకులు కలరు.

భారతదేశమున పేదల చికిత్సకు సంఖ్యల పద్ధతి ప్రభుత్వ పథకముల ద్వారా వ్యాపించినది. ఆంధ్రప్రదేశమున ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబునగరము, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరంభమైనది. తమిళనాట కలైఞర్ కాపీటు పథకము 2009లోను, ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా 2012 జనవరిలోను వెలసినవి. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చినది. ఇచట ఒక్కొక్క చికిత్సకు ఒక మొత్తము నిర్ణీతమై యుండును; ముందుగా అనుమతి పొందవలెను.

ఇచట పొన్నేరి కథ కానవచ్చును. 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ తీర్పు ననుసరించి తిరుత్తణి మద్రాసు రాష్ట్రమునకు చేరగా, పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాల గ్రామములు కొన్ని సత్యవేడు ప్రాంతముగా ఆంధ్రమునకు వచ్చెను. బంధుత్వములు సరిహద్దున కిరువైపుల నిలిచినవి. అన్నదమ్ముల కొకే విధమైన కంతి పుట్టినను, ఒకని కాగితము అమరావతి పట్టికకు, మఱియొకని కాగితము చెన్నపట్టణపు పట్టికకు లోబడును. రేషను కార్డు ఏ రాష్ట్రముదో ఆ రాష్ట్రపు సంఖ్యయే వర్తించును.

కంతి యెచట, ఎంత లోతున, ఎంత పరిమాణమున నున్నదో, పరీక్షలో ఏమి తేలినదో అను నాలుగు వివరములు ఏ పట్టికకైనను వలసినవే. రోగి వీనిని తన భాషలో వ్రాయించుకొని భద్రపఱచినచో, సరిహద్దు దాటినను చికిత్స కథ తెగిపోదు. సంఖ్యలు రాష్ట్రమును బట్టి మారును, శరీరము మారదు.